ఏడు నిమిషాల్లో నాన్న

స్క్రిప్టు 14 పేజీలు. సినిమావాళ్ల లెక్కలో పేజీ అంటే సుమారు నిమిషం, కాబట్టి 14 నిమిషాల షార్ట్ ఫిల్మ్. ఆరేళ్లుగా మాటల్లేని తండ్రీకొడుకుల కథ. రాసినవాడు హైదరాబాద్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుంటూ, మిగిలిన రాత్రుళ్లు సొంత కథలు రాసుకునే కుర్రాడు. చదివినాయన అతని మేనమామ. రాజమండ్రిలో కాలేజీ పిల్లలకు తెలుగు పాఠం చెప్పి రిటైరయ్యాడు. వయసులో ఉండగా ఫిల్మ్ సొసైటీ వాళ్ల ప్రదర్శన ఉందంటే ఆఖరి బస్సు తప్పిపోయినా సరే, చూసే వచ్చేవాడు. సంక్రాంతికి ఇద్దరూ ఒకే ఇంట్లో దొరికారు. కనుమ నాడు భోజనాలయ్యాక మేడ మీద మడతమంచం వాల్చుకుని పంచాయితీకి దిగారు.

“నీ సినిమాలో తండ్రికి 43 డైలాగులున్నాయిరా, లెక్కపెట్టాను,” అన్నాడు మేనమామ. “మీ నాన్న ఆ పండక్కీ ఈ పండక్కీ మధ్య అన్ని మాట్లాడతాడా?”

“అది సినిమా మావయ్యా. మా ఇల్లు కాదు.”

“ఆఖరి పేజీ చదివినప్పుడే తెలిసిందిలే. మీ ఇంట్లో ఎవరూ ఎవర్నీ కావలించుకోరు.”

గొడవంతా ఆ ఆఖరి పేజీ దగ్గరే. అందులో కొడుకు తిరిగొస్తాడు, తండ్రి తలుపు తీస్తాడు, ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారు, వెనకాల పాట వస్తుంది. మేనమామ దృష్టిలో ఇది దొంగ లెక్క. ఆరేళ్ల కోపం 14 నిమిషాల్లో కరగదు, కరిగినట్టు చూపిస్తే చూసేవాణ్ణి మోసం చేసినట్టే. అందుకని పొట్టి సినిమా తండ్రీకొడుకుల్ని కలిపే పని పెట్టుకోకూడదు, కలవలేకపోవడం ఎలా ఉంటుందో చూపించి ఊరుకోవాలంటాడు. మేనల్లుడిది దీనికి అడ్డం తిరిగిన వాదన. పెద్ద సినిమాలో అయితే కలిసే ముందు రెండు గంటల సంజాయిషీ కావాలి. పొట్టి సినిమాకు ఆ బాధ లేదు, తండ్రి ఒక్క చూపు చూస్తే చాలు. కలపాలంటే అక్కడే కలపాలి.

ఉదాహరణ చూపించమన్నాడు మేనమామ. మేనల్లుడు ఫోన్ తీశాడు.

‘సంజయ్స్ సూపర్ టీమ్’. పిక్సార్ వాళ్లు తీసిన ఏడు నిమిషాల యానిమేషన్ చిత్రం, 2015 నవంబరులో ‘ది గుడ్ డైనోసార్’కు ముందు థియేటర్లలో వేశారు. దర్శకుడు సంజయ్ పటేల్. అమెరికాకు వలసవెళ్లిన గుజరాతీ కుటుంబం వాళ్లది. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో, రూట్ 66 రహదారి పక్కన, లిడో మోటెల్ అని ఒకటి నడుపుకునేవారు. పిల్లాడు పెరిగింది అక్కడే. సినిమాలో కూడా దాదాపు ఒకటే గది. ఒక పక్క పిల్లాడు టీవీలో సూపర్‌హీరోల కార్టూన్‌కి అతుక్కుపోయి ఉంటాడు. ఇంకో పక్క తండ్రి దేవుడి ముందు కూర్చుంటాడు. పూజ గంటకీ టీవీ మోతకీ పోటీ. తండ్రి ఇక లాభం లేదని టీవీ ఆపేసి, కొడుకును తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంటాడు. వాడికి విసుగు. ఆ విసుగులోంచే ఒక పగటికల పుడుతుంది. విష్ణువు, దుర్గ, హనుమంతుడు కార్టూన్ వీరుల్లా లేచి పదితలల రావణుడితో తలపడతారు. కల చెదిరాక పిల్లాడు కాగితం తీసుకుని ఆ దేవుళ్లనే తన సూపర్ టీమ్‌గా గీసి తండ్రికి చూపిస్తాడు.

“మొత్తం సినిమాలో సంభాషణలే లేవు,” అన్నాడు మేనల్లుడు. “క్షమించు అని ఎవరూ అనరు. ఒక్క కాగితం చేయి మారిందంతే. ఇద్దరూ కలిశారని మనకి తెలియలేదా?”

మేనమామ ఒప్పుకోలేదు. “దీన్ని విడిపోయిన తండ్రీకొడుకుల కథ అంటావా! పొద్దున అలిగి సాయంత్రానికి మరిచిపోయే వయసురా వాడిది. ఆరేళ్లు ఫోన్ ఎత్తనివాడికీ వీడికీ పోలికేమిటి?”

ఇక్కడ మేనల్లుడి దగ్గర జవాబు ఉంది. ఈ సినిమా, ఇది చాలావరకు నిజంగా జరిగిన కథేనని చెప్పి మరీ మొదలవుతుంది. పిల్లాడి పేరూ సంజయే. ఆ సంజయ్ 1996లో పిక్సార్‌లో చేరి, దాదాపు ఇరవై ఏళ్లపాటు ఇతరుల సినిమాల్లో ఇతరుల పాత్రలకు ప్రాణం పోశాడు. తండ్రి దేవుళ్ల వైపు మనసు మళ్లింది పెద్దయ్యాకే. 2006లో ‘ది లిటిల్ బుక్ ఆఫ్ హిందూ డీటీస్’ అని బొమ్మల పుస్తకం వేశాడు, 2010లో రామాయణం మీద ఇంకో పుస్తకం. 2015లో ఈ సినిమా. చివర్లో అప్పటి ఫొటో, ఇప్పటి ఫొటో వేసి అసలు తండ్రీకొడుకుల్ని చూపిస్తాడు.

“ఆ ‘చాలావరకు’ అన్న మాట ఎక్కడ పడుతుందో చూడండి మావయ్యా. సినిమాలో పిల్లాడు బొమ్మ గీసి అప్పటికప్పుడే నాన్నకి చూపించేశాడు. బయట సంజయ్ ఆ బొమ్మ గీసేసరికి జుట్టు నెరిసే వయసొచ్చింది. నన్నడిగితే ఈ సినిమాయే ఆ కాగితం. ఏడు నిమిషాల్లో ఇమిడింది ఒక పొద్దుటి అలక అంటున్నారు మీరు. అందులో ముప్పై ఏళ్లు ఉన్నాయంటున్నాను నేను.”

మేనమామ ఆ మాట కాసేపు నమిలాడు. కింద వంటింట్లో గిన్నెల చప్పుడు. గాలిపటం ఒకటి పక్కింటి కొబ్బరిచెట్టుకి చిక్కుకుని రెపరెపలాడుతోంది.

“బాగానే చెప్పావు. మరి దానికి ఆస్కార్ వచ్చిందా?”

రాలేదు. వచ్చింది ఏ సినిమాకో మేనమామకు తెలుసు, అందుకే అడిగాడు. 2016 ఫిబ్రవరి 28న జరిగిన 88వ ఆస్కార్ వేడుకలో యానిమేటెడ్ షార్ట్ బహుమతి చిలీ దేశం వాళ్లు తీసిన ‘బేర్ స్టోరీ’కి దక్కింది. చిలీ సినిమాకు అదే మొట్టమొదటి ఆస్కార్. అదీ తండ్రీకొడుకుల కథే. అందులోనూ మాటల్లేవు. నిడివి 11 నిమిషాల లోపు.

ఒక ముసలి ఎలుగుబంటి. పొద్దున లేస్తుంది. పక్కన మంచం ఖాళీ, పిల్లాడి గది ఖాళీ. రేకు ముక్కలతో, పళ్లచక్రాలతో తాను చేసుకున్న చిన్న బొమ్మలాటపెట్టెను వీధి మూలకు తీసుకెళ్లి గంట మోగిస్తుంది. తండ్రి చేయి పట్టుకుని పోతున్న ఒక ఎలుగు పిల్ల నాణెం ఇచ్చి పెట్టెలోకి తొంగిచూస్తుంది. మన తిరునాళ్లలో బయస్కోపు పెట్టెకు కన్ను ఆనించి చూసినవాళ్లకు ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. పెట్టె లోపల కీ ఇస్తే తిరిగే రేకుబొమ్మలు ఒక కథ ఆడతాయి. భార్యా కొడుకూ ఉన్న ఎలుగుబంటిని సర్కస్ వాళ్లు కొట్టి ఎత్తుకుపోతారు. అక్కడ దాంతో విన్యాసాలు చేయిస్తారు. అది తప్పించుకుని ఇల్లు చేరుతుంది. భార్య, కొడుకు ఎదురొస్తారు. పెట్టె మూతపడుతుంది. చూసిన పిల్ల వాళ్ల నాన్నతో వెళ్లిపోతుంది. ముసలిది వీధిలో ఒంటరిగా మిగులుతుంది.

దర్శకుడు గాబ్రియేల్ ఒసోరియో ఈ కథను తన తాత జీవితం నుంచి తీసుకున్నాడు. 1973 సెప్టెంబరు 11న చిలీలో సైన్యం అధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని కూలదోసి, జనరల్ పినోచే పాలన తెచ్చింది. ఆ రోజుల్లో ఒసోరియో తాత లియోపోల్డోను జైల్లో పెట్టారు, తర్వాత దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. మనవడి చిన్నతనంలో తాత అంటే ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒక పేరు. సర్కస్ వాళ్ల చేతుల్లో లాఠీలు ఎందుకున్నాయో చిలీ ప్రేక్షకుడికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

“చూశావా, కలపలేదు,” అన్నాడు మేనమామ. “ఖాళీ మంచంతో మొదలుపెట్టి ఖాళీ వీధితో ముగించాడు. దమ్మంటే అది. అందుకే బహుమతి అటు వెళ్లింది.”

మేనల్లుడు అడ్డుపడ్డాడు. “బహుమతి ఎందుకు వెళ్లిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. కానీ కలపలేదనకండి. పెట్టె లోపల కలిపాడుగా! ఎదురొచ్చిన కొడుకుని చూపించాడుగా! మీరు వద్దంటున్న సీను ఆ సినిమాకి గుండెకాయ.”

“అది రేకుబొమ్మల కలయికరా. అబద్ధమని మనకి తెలుసు.”

“తెలిసినా చూపించాడా లేదా?”

మేనమామ మంచం మీద కొంచెం జరిగి కూర్చున్నాడు. వాదనలో దెబ్బ తగిలినప్పుడు ఆయన చేసే పని అదే. తగిలింది కూడా సరైన చోటే. కలయిక చూపించనే కూడదన్నది ఆయన వాదన, తాను మెచ్చుకున్న సినిమాయే దాన్ని చూపించి కూర్చుంది. అయితే ఆ దెబ్బ తిరిగి మేనల్లుడికీ తగులుతుంది. తాను తెచ్చిన సంజయ్ సినిమాలో తండ్రీకొడుకులు ఏడుస్తూ మీద పడరు, మధ్యలో ఒక కాగితం ఉంటుంది. తన 14వ పేజీలో ఏ కాగితమూ లేదు, పెట్టే లేదు. తండ్రి, కొడుకు, కన్నీళ్లు, పాట, అంతే.

ఆ మాట మేనమామే అన్నాడు, కాస్త మెత్తగా.

మేనల్లుడు ఇంకో దారి పట్టాడు. డచ్ దర్శకుడు మైకేల్ డుడోక్ డి విట్ 2000లో తీసిన ‘ఫాదర్ అండ్ డాటర్’ ఎనిమిది నిమిషాలే, ఆస్కార్ కూడా గెలిచింది. పడవెక్కి వెళ్లిపోయిన తండ్రి కోసం కూతురు సైకిల్ మీద ఒడ్డుకి వస్తూనే ఉంటుంది. చిన్నపిల్లగా, పెళ్లయ్యాక, పిల్లలతో, ముసలిదై. చివర్లో ఎండిపోయిన నీటి చోట పడవ కనబడుతుంది, తండ్రీ కూతుళ్లు కలుస్తారు. కలిసినందుకు మోసం అని ఎవరూ అనలేదే!

“ఆ కలయిక బతికుండగా అయిందో లేదో ముందు తేల్చు,” అన్నాడు మేనమామ. “అయినా ఆ పిల్లకి తండ్రి మీద కోపం లేదు, ఎదురుచూపు ఉంది. ఎదురుచూపుని ఎనిమిది నిమిషాల్లో చెప్పొచ్చు. కోపానికి కారణం చెప్పాలి, పాత లెక్కలు తియ్యాలి, ఎవరు ముందు నోరు జారారో తేల్చాలి. తండ్రీకొడుకులు కోపంతో విడిపోయిన కథంటే నాకు ‘అపూర్ సంసార్’ తప్ప ఇంకోటి ఆనదు. అక్కడైతే కోపం తండ్రిది.”

సత్యజిత్ రాయ్ 1959లో తీసిన ఆ సినిమాలో అపు భార్య కాన్పులో చనిపోతుంది. ఆమె పోవడానికి కారణమయ్యాడని అపు పుట్టిన కొడుకు ముఖం కూడా చూడడు. ఐదేళ్లు. ఎక్కడో బొగ్గుగనిలో పని చేసుకుంటూ దూరంగా ఉండిపోతాడు. స్నేహితుడు వచ్చి నిలదీస్తే కదిలి అత్తారి ఊరు వెళ్తాడు. కొడుకు కాజల్ దగ్గరకు రానివ్వడు, రాయి విసురుతాడు. అపు ఆడుకోమని రైలు బొమ్మ తెస్తే దాన్నీ వద్దంటాడు. విధిలేక అపు వెళ్లిపోతుంటే పిల్లాడు దూరంగా వెంటపడతాడు. నువ్వెవరు అని అడుగుతాడు. తండ్రిని అని చెప్పడు అపు, స్నేహితుణ్ణి అంటాడు. కలకత్తాలో ఉన్న మా నాన్న దగ్గరికి తీసుకెళ్తావా అంటాడు కాజల్. తీసుకెళ్తానంటాడు. పిల్లాడు పరిగెత్తుకొస్తాడు, తండ్రి భుజాలకెక్కుతాడు.

“ఈ కలయికని రాయ్ ఊరికే తేలేదు,” అన్నాడు మేనమామ. “వెనక రెండు సినిమాలున్నాయి. 1956లో వచ్చిన ‘అపరాజితో’లో తల్లి ఊళ్లో ఎదురుచూస్తుంటే చదువు వంకతో కలకత్తాలో ఉండిపోయినవాడు ఈ అపూయే. తల్లిని వదిలినవాడు కొడుకునీ వదిలాడు. ఇదంతా చూశాం కాబట్టే ఆ పిల్లాడు భుజాలెక్కితే మన గొంతు పట్టేస్తుంది. నీకు 14 నిమిషాల్లో అంత భూమి ఎక్కడిది, దున్నడానికి?”

“మీరు మూడు సినిమాలూ చూసినవాళ్లు కాబట్టి అలా అంటారు. నేను కాలేజీలో ఉండగా మొదట చూసింది ఆ ఆఖరి సీన్లే, యూట్యూబ్‌లో. ముందు కథ ఒక్క ముక్క తెలీదు. అయినా ఏడ్చాను.” మేనల్లుడు ఆగాడు. “ఒకతను వస్తాడు, పిల్లాడు రాయి విసురుతాడు, బొమ్మ వద్దంటాడు, స్నేహితుణ్ణని అబద్ధం చెప్తే నమ్ముతాడు. ఐదేళ్ల గొడవ మొత్తం ఆ రాయిలో ఉంది మావయ్యా. కారణాలు చెప్పకపోయినా అర్థమైంది.”

మేనమామకు ఇది కొత్త. తాను మూడు దశాబ్దాలుగా మూడు సినిమాల బరువుతో చూస్తున్న దృశ్యాన్ని వీడు ఉత్త చేతులతో చూసి కదిలిపోయాడు. “అయితే అది రాయ్ గొప్పతనం,” అన్నాడు, సగం ఒప్పుకుంటూ, సగం ఒప్పుకోకుండా.

తర్వాత గొడవ తెలుగు సినిమా మీదకు మళ్లింది. మళ్లించింది మేనల్లుడే. తెలుగువాడికి తండ్రితో తగాదా అంటే మాటలు కావాలంటాడు. 2006లో వచ్చిన ‘బొమ్మరిల్లు’ దీనికి సాక్ష్యం. భాస్కర్ దర్శకత్వం, తండ్రిగా ప్రకాశ్‌రాజ్, కొడుకుగా సిద్ధార్థ్. పిల్లాడికి నడక నేర్పడానికి పట్టుకున్న చేతిని పాతికేళ్లొచ్చినా వదలని తండ్రి కథ. కొడుకు కడుపులోదంతా కక్కేసే ఆ క్లైమాక్స్‌ను ఇప్పటికీ కుర్రాళ్లు అప్పజెప్తారు. 2008లో తమిళంలో తీసినప్పుడు తండ్రి వేషం మళ్లీ ప్రకాశ్‌రాజ్‌కే ఇచ్చారు. తన స్క్రిప్టులో తండ్రికి 43 డైలాగులుంటే తప్పేమిటి?

“ఆ సీన్లో మాట్లాడింది ఎవరు?” అడిగాడు మేనమామ.

“కొడుకు.”

“తండ్రి?”

“...విన్నాడు.”

“అదీ. పెద్ద సినిమా అయ్యుండి, అంత మాటల సినిమా అయ్యుండి, తేల్చాల్సిన చోట తండ్రి నోరు మూయించింది. నువ్వు 14 నిమిషాలు చేతిలో పెట్టుకుని ఆయన చేత ఉపన్యాసం ఇప్పించావు.”

అసలు రోగం ఇంకోటుందన్నాడాయన. కుర్రాళ్లు షార్ట్ ఫిల్మ్‌ను పెద్ద సినిమాకు విజిటింగ్ కార్డులా వాడుతున్నారు. నిర్మాతకు చూపించాలి కాబట్టి అందులో ఒక పాట, ఒక ఫ్లాష్‌బ్యాక్, ఒక ఏడుపు, ఒక డ్రోన్ షాట్ ఉండి తీరాలి. రెండున్నర గంటల చీరను మడిచి జేబురుమాలు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటోంది. ఆస్కార్ వాళ్ల నిబంధనలో టైటిళ్లతో కలిపి 40 నిమిషాలు దాటకుంటే షార్ట్ ఫిల్మ్. ఆ గీతకు ఇవతల ఉన్నది వేరే ప్రక్రియ అని ఎవరూ అనుకోవడం లేదు. నవల రాయడానికి ప్రాక్టీసుగా కథానిక రాస్తారా ఎవరైనా?

“కొందరికి కలిసొచ్చింది కదా,” అన్నాడు మేనల్లుడు. తరుణ్ భాస్కర్ ‘సైన్మా’ లాంటి షార్ట్ ఫిల్ముల నుంచే వచ్చి 2016లో ‘పెళ్ళిచూపులు’ తీశాడు. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, మాటలకు అతనికీ వచ్చింది. అందులోనూ చేతకాని కొడుకు మీద విసుక్కునే తండ్రి ఉన్నాడు.

“విసుక్కునే తండ్రి ఉన్నాడు, నిజమే. నవ్వొస్తుంది ఆయన్ని చూస్తే. ఎందుకంటే మన పక్కింట్లో ఉన్నట్టే మాట్లాడతాడు. నీ తండ్రి చూడు, ఏడో పేజీలో ‘నా గుండెల్లో నీ స్థానం’ అంటున్నాడు. రాజమండ్రిలో ఏ తండ్రి అంటాడ్రా ఆ మాట?”

ఈసారి మేనల్లుడు నవ్వాడు. పెన్ను తీసి ఏడో పేజీ మీద అడ్డంగా గీత కొట్టాడు.

పొద్దు వాలేసరికి ఇద్దరి వాదనా మొదలైన చోట లేదు. కలయిక చూపించొద్దని మేనమామ ఇక అనడం లేదు. ‘బేర్ స్టోరీ’లో రేకుపెట్టె, సంజయ్ సినిమాలో కాగితం, అపు చెప్పిన స్నేహితుడు అనే అబద్ధం: మూడింట్లోనూ తండ్రీకొడుకులు నేరుగా ఎదురుపడరని, మధ్యలో ఇంకోటి ఉంటేనే ఆ కలయిక నమ్మబుద్ధవుతుందని ఆయన ఇప్పుడంటున్నాడు. మేనల్లుడు కావలింత వదులుకున్నాడు, తలుపు మాత్రం వదలనంటున్నాడు. తండ్రి తలుపు తియ్యాల్సిందే. తీసి లోపలికి వెళ్లిపోయినా సరే, తలుపు తెరిచే ఉండాలి.

“మూసే ఉంచు,” అన్నాడు మేనమామ. “లోపల లైటు వెయ్యి.”

“లైటు ఎవరు వేసినట్టు?”

“అదే నీ సినిమా.”

మేనల్లుడు తల అడ్డంగా ఊపాడు. 2016లో ఆస్కార్ జాబితా చూస్తే అటు లైవ్ యాక్షన్ షార్టుల్లోనూ భార్యతో విడిపోయి కూతుర్ని ఎత్తుకుపోవాలని చూసే తండ్రి కథ ఒకటుంది, ‘ఎవ్రీథింగ్ విల్ బి ఓకే’ అని, 30 నిమిషాలది. అందులో ఎన్ని తలుపులు మూసుకుంటాయో, ఎన్నిసార్లు తట్టాల్సొస్తుందో చూసి అప్పుడు చెప్పమన్నాడు మేనమామను. రాత్రికి ఇద్దరూ కూర్చుని చూశారు. దాని మీద జరిగిన గొడవ వేరే వ్యాసానికి సరిపడా ఉంది.

పండగ ముగిసి మేనల్లుడు హైదరాబాద్ బస్సెక్కేనాటికి స్క్రిప్టు తొమ్మిది పేజీలకు దిగింది. పాట పోయింది, ఫ్లాష్‌బ్యాక్ పోయింది. తండ్రికి ఇప్పుడు రెండే డైలాగులు, ఒకటి కరెంటు బిల్లు గురించి, ఒకటి కుక్కకు అన్నం పెట్టారా అని. ఆఖరి పేజీలో తలుపు వరకు రాసి ఉంది, దాని కింద సగం కాగితం ఖాళీగా ఉంది.